సేఫ్టీ మీటింగ్‌కి రావాల్సినవాళ్లు రారు, వచ్చేవాళ్లకి అక్కర్లేదు

ఏటవాలు
మా ఫ్లయింగ్ క్లబ్బులో భద్రత బాధ్యత ఈ ఏడాది నా నెత్తిన పడింది. నెలకో మీటింగ్, గంటసేపు. స్టాల్ (రెక్క ఎత్తే బలం కోల్పోవడం), వాతావరణం, ఏదో ఒక ప్రమాదం రిపోర్టు, అన్నీ ప్రొజెక్టర్ మీదే. చివర్లో "సందేహాలున్నాయా" అంటే ఎవరూ నోరు విప్పరు. వచ్చేవి ఎప్పుడూ అవే మొహాలు, వారం వారం ఎగిరేవాళ్లు. మూణ్నెల్లకోసారి విమానం తీసేవాళ్లు, ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని వెళ్లేవాళ్లు ఒక్కరూ కనపడరు. అదే స్పాట్ ల్యాండింగ్ పోటీ అంటే తెల్లారకముందే హ్యాంగర్ ముందు బారులు తీరుతారు.

కమిటీవాళ్లు "హాజరు తప్పనిసరి చేసేద్దాం, రానివాళ్లకి బుకింగ్ ఆపేద్దాం" అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. మా దగ్గర రెండు సెస్నా 172ఎస్‌లు, కార్బ్యురేటర్ ఇంజిన్ ఉన్న పాత చెరోకీ ఒకటి ఉన్నాయి. ఏ అంశాలు పెట్టాలి, ఎలా చెప్పాలి?

తోకచక్రం
తప్పనిసరి చేస్తే సంతకాలొస్తాయి, మనుషులు రారు. ప్రొజెక్టర్ తీసి పక్కన పడేయండి. హ్యాంగర్‌లో కౌలింగ్ (ఇంజిన్ మీది రేకు కప్పు) విప్పి పెట్టి చుట్టూ నిలబడి మాట్లాడుకోండి.

సంపు_కప్పు
తోకచక్రం చెప్పింది నిజం. మొదటి మీటింగ్‌కి ఇంధనం పెట్టండి, చేతితో చేసే పని ఉంటుంది కాబట్టి అందరూ ముందుకొస్తారు.

గాజు జాడీలు నాలుగు తీసుకోండి. ఒకదాంట్లో మంచి 100ఎల్ఎల్ (చిన్న విమానాలకి పోసే నీలం రంగు పెట్రోలు). రెండోదాంట్లో 100ఎల్ఎల్, అడుగున రెండు వేళ్ల మందం నీళ్లు. మూడోదాంట్లో 100ఎల్ఎల్‌లో కొంచెం జెట్ ఇంధనం కలపండి. నాలుగోదాంట్లో మొత్తం నీళ్లే, లేత నీలం రంగు కలిపి. లేబుళ్లు చూపించకుండా ఏది పోసుకుని ఎగురుతారో అడగండి.

నాలుగో జాడీ దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. నీళ్లుంటే గీత కనపడాలని నేర్చుకుని ఉంటారు కదా. నమూనా పట్టే కప్పు నిండా నీళ్లే వస్తే గీత ఎక్కడ కనపడుతుంది? అందుకే కప్పుని తెల్లటి గోడ ముందో రెక్క అడుగు ముందో పట్టుకుని రంగు చూడాలి, ఆ తర్వాత వాసన చూడాలి. ఇంకా అనుమానం ఉంటే, ఖచ్చితంగా పెట్రోలు అని తెలిసిన ఇంధనం రెండు చుక్కలు కప్పులో పోయండి. కప్పులో ఉన్నది నీళ్లయితే అది పైన తేలుతుంది.

172ఎస్‌కి డ్రెయిన్లు (ఇంధనం నమూనా తీసే చిన్న కవాటాలు) మొత్తం 13. రెక్కకి ఐదు చొప్పున పది, ముక్కు కింద మూడు. "రెక్కకొకటి చూశాలే, చాల్లే" అనేవాళ్లకి ఆ మూడూ వేలు పెట్టి చూపించండి. సెలెక్టర్ (ఏ ట్యాంకు నుంచి ఇంధనం రావాలో ఎంచే మీట) దగ్గరున్నది వ్యవస్థ మొత్తానికి పల్లపు చోటు, నీళ్లు చివరికి చేరేది అక్కడికే.

ఇదంతా బయట, గాలి తగిలే చోట చెయ్యండి. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి. 100ఎల్ఎల్‌లో సీసం ఉంటుంది, చేతులు కడుక్కోమని చెప్పండి.

కొత్తరెక్కలు
స్టూడెంట్‌ని, అడగొచ్చా? జెట్ ఇంధనం కలిస్తే రంగు మారదా? మరి మూడో జాడీ ఎలా పట్టుకోవాలి?

సంపు_కప్పు
@కొత్తరెక్కలు కొంచెం కలిస్తే నీలం కాస్త వెలుస్తుంది, అంతే. పక్కన మంచి నమూనా లేకపోతే తేడా కంటికి ఆనదు. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి ఆరనివ్వండి. ఏవ్‌గ్యాస్ (100ఎల్ఎల్ లాంటి విమానాల పెట్రోలు) ఆవిరైపోయి కాగితం దాదాపు శుభ్రంగా మిగులుతుంది. జెట్ ఇంధనం జిడ్డు మరక వదుల్తుంది.

ఇందులో అసలు ప్రమాదం ఏంటంటే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, టాక్సీ (నేల మీద నడవడం) అవుతుంది, రన్-అప్ (టేకాఫ్‌కి ముందు చేసే ఇంజిన్ పరీక్ష) కూడా బాగానే ఉంటుంది. పైపుల్లో మిగిలిన పాత పెట్రోలు అయిపోయేదాకా ఏమీ తెలీదు. ఆ తర్వాత పూర్తి పవర్ మీద డిటొనేషన్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు లేకుండా పేలడం) మొదలవుతుంది, అప్పటికి చక్రాలు నేల వదిలేసి ఉంటాయి. అందుకే ఇంధనం పోసేటప్పుడు విమానం పక్కనే నిలబడి చూడటం, రసీదు మీద గ్రేడ్ చదవడం.

క్రాస్‌విండ్_కాంతం
నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయో కూడా చెప్పండి. అందరూ "ట్యాంక్ సగం ఖాళీగా ఉంటే రాత్రి చెమ్మ పడుతుంది" అని వల్లిస్తారు. పడుతుంది, కాదనను. కానీ కప్పు నిండా నీళ్లొచ్చాయంటే ముందు అనుమానించాల్సింది మూత కింద రబ్బరు ఓ-రింగ్‌ని. బయట వానలో నిలబెట్టిన హై-వింగ్‌కి (రెక్క పైన ఉండే విమానానికి) మూత చుట్టూ నీళ్లు నిలుస్తాయి, రింగ్ గట్టిపడి పగిలితే నేరుగా లోపలికే. మూత తీసి రింగ్‌ని వేలితో నొక్కి చూడమనండి, మెత్తగా ఉండాలి.

మాగ్నెటో_మామ
రెండో మీటింగ్ నాకొదిలేయండి: రన్-అప్.

172ఎస్‌లో 1800 ఆర్పీఎమ్ (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర మాగ్నెటోలు (ప్లగ్గులకి నిప్పురవ్వ ఇచ్చేవి, ఇంజిన్‌కి రెండు) ఒక్కోటి ఆపి చూస్తాం. ఒక్కోదానికి 150కి మించి పడకూడదు, రెండిటి మధ్య తేడా 50 దాటకూడదు. ఇది అందరికీ కంఠస్థం. కానీ ఒకదాని మీదకి తిప్పినప్పుడు అసలేమీ పడకపోతే ఏంటని అడిగి చూడండి. "ఇంజిన్ భలే ఉంది" అంటారు!

పడకపోవడమంటే మీరు ఆపాననుకున్న మాగ్నెటో ఆగలేదని. స్విచ్ ఆఫ్‌లో పెడితే పి-లీడ్ అనే తీగ ద్వారా మాగ్నెటోని గ్రౌండ్ చేస్తాం. ఆ తీగ తెగితే స్విచ్ ఎక్కడున్నా మాగ్నెటో బతికే ఉంటుంది. తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాక, ప్రొపెల్లర్‌ని చేత్తో కొంచెం తిప్పినా సిలిండర్‌లో మిగిలిన ఆవిరికి నిప్పు అంటుకోవచ్చు. టో బార్ (విమానాన్ని లాగే కడ్డీ) పెట్టడానికి బ్లేడు పట్టుకుని పక్కకి జరిపేవాళ్లు ప్రతి క్లబ్బులో ఉంటారు. కౌలింగ్ విప్పినప్పుడు ఆ తీగ చూపించండి, పిల్లల పెన్సిల్ కన్నా సన్నగా ఉంటుంది.

ఇంకోటి. డ్రాప్ ఎక్కువై ఇంజిన్ కుదుపుతోందంటే చాలాసార్లు ప్లగ్గులకి సీసం పట్టి ఉంటుంది. 2000 చుట్టుపక్కల పెట్టి, మిక్స్చర్ లీన్ చేసి (గాలిలో ఇంధనం పాలు తగ్గించి) ఒక నిమిషం నడిపి మళ్లీ చూడండి. తగ్గకపోతే వెనక్కి తీసుకెళ్లి కట్టేయండి, "గాల్లోకి వెళ్తే సర్దుకుంటుంది" అనొద్దు. అసలు పట్టకుండా ఉండాలంటే టాక్సీలోనే లీన్ చెయ్యాలి. చేస్తే గట్టిగా చెయ్యాలి, థ్రాటిల్ తోస్తే ఇంజిన్ చచ్చేంతగా. సగం సగం లీన్ చేసినవాడే మర్చిపోయి అలాగే టేకాఫ్‌కి వెళ్లగలడు.

రడ్డర్_రాజు
మామా, తీగలూ జాడీలూ బాగానే ఉన్నాయి. కానీ విమానం సవ్యంగా ఉండగా మనిషి చేతిలో పడిపోయేవి ఎక్కువ కదా? బేస్ (రన్‌వేకి అడ్డంగా వచ్చే దారి) నుంచి ఫైనల్‌కి (రన్‌వేకి సూటిగా దిగే దారికి) తిరిగే మలుపు గురించి ఎవరూ మాట్లాడరేంటి?

బేస్ మీద వెనకగాలి ఉంది. రన్‌వే గీత దాటిపోతున్నాం. బ్యాంక్ (విమానం పక్కకి వంచడం) ఇంకా పెంచాలంటే నేల దగ్గర కదా, భయం. అందుకని లోపలి రడ్డర్ (తోక మీది నిలువు పలకని తిప్పే పెడల్) తొక్కి ముక్కుని రన్‌వే వైపు తోస్తాం. బయటి రెక్క వేగంగా తిరిగి బ్యాంక్ పెరగబోతుంది, దాన్ని ఆపడానికి ఎయిలరాన్ (రెక్క చివర కదిలే పలక) ఎదురు తిప్పుతాం. ముక్కు కిందికి పోతుంది, వెనక్కి లాగుతాం. స్పిన్‌కి (స్టాలై గిరగిరా తిరుగుతూ పడటానికి) కావాల్సిన సరంజామా మొత్తం మన చేతుల్తో మనమే అమర్చుకున్నట్టు. అక్కడ ఎత్తు 400, 500 అడుగులుంటుంది. కోలుకోవడానికి చాలదు.

30 డిగ్రీల బ్యాంక్‌లో స్టాల్ వేగం 7 శాతం పెరుగుతుంది, 45లో 19, 60లో 41. ఈ మూడు అంకెలూ గోడ మీద రాసి పెట్టండి.

క్రాస్‌విండ్_కాంతం
రాజుగారూ, గోడ మీద రాస్తే ఇంకో మాట కూడా రాయండి: ఆ అంకెలు ఎత్తు నిలబెట్టుకుంటూ తిరిగినప్పటివి. స్టాల్ వేగం పెరిగేది బ్యాంక్ వల్ల కాదు, రెక్క మీద పడే భారం వల్ల. 45 బ్యాంక్‌లో లాగకుండా ముక్కు దిగనిస్తే భారం అంత ఉండదు. "బ్యాంక్ అంటే ప్రమాదం" అని భయపెట్టబట్టే జనం బ్యాంక్ మానేసి రడ్డర్ తొక్కుతున్నారు. మీరు చెప్పిన ప్రమాదానికి ఈ పాఠమే దారి చూపిస్తోంది.

రడ్డర్_రాజు
ఒప్పుకుంటా, ఆ సవరణ బాగుంది. అయినా సర్క్యూట్‌లో (దిగడానికి రన్‌వే చుట్టూ తిరిగే దారిలో) 30 దాటొద్దనే నియమం ఉంచుతా. 30తో గీత అందకపోతే గో-అరౌండ్ (దిగడం మానేసి మళ్లీ పైకెక్కడం). వాదన లేదు.

తోకచక్రం
పేరు చూస్తే రడ్డర్, చెప్పేది రడ్డర్ తొక్కొద్దని 😀

రడ్డర్_రాజు
తొక్కాల్సినచోట తొక్కాలి బాబూ. మీ తోకచక్రం వాళ్లకి నేల మీద కూడా తొక్కుడేగా!

పాత_లాగ్‌బుక్
గో-అరౌండ్ మాట వచ్చింది కాబట్టి, అది మాటల్లో చెబితే రాదు. సీట్లో కూర్చోబెట్టి ఇంజిన్ ఆపి ఉండగానే చేతుల్తో చేయించండి. 172ఎస్‌లో పూర్తి థ్రాటిల్, ఫ్లాప్ (దిగేటప్పుడు రెక్క వెనక కిందికి దించే పలక) వెంటనే 20కి, వేగం 60 నాట్లు, అడ్డంకులు దాటాక 10, తర్వాత సున్నా. చెరోకీలో అయితే దీనికి తోడు కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌కి వేడి గాలి పంపే మీట) ఆఫ్.

ఎక్కడ చెడుతుందంటే, ల్యాండింగ్‌కి ట్రిమ్ చేసి (చెయ్యి పట్టకుండానే ఆ వేగంలో నిలిచేలా సర్ది) ఉన్న విమానానికి పూర్తి పవర్ ఇస్తే ముక్కు దానంతటదే పైకి లేస్తుంది. చేత్తో గట్టిగా ముందుకి తోసి పట్టుకోవాలి. అది ఊహించనివాడు వెనక్కి లాగినవాడితో సమానం. రెండో తప్పు, కంగారులో ఫ్లాపులన్నీ ఒకేసారి ఎత్తేయడం, విమానం దబ్బున కూలబడుతుంది.

ఏటవాలు
బ్రహ్మాండం, రాసుకుంటున్నా. టేకాఫ్ తర్వాత ఇంజిన్ ఆగితే వెనక్కి తిరగాలా వద్దా అన్న గొడవ మా క్లబ్బులో ప్రతిసారీ లేస్తుంది. దాన్నేం చేద్దాం?

పాత_లాగ్‌బుక్
గొడవ పెట్టుకోకుండా కొలవండి. ఇన్‌స్ట్రక్టర్‌తో నేల నుంచి 3000 అడుగులకి పైన చేసే అభ్యాసం ఇది.

టేకాఫ్ తర్వాత ఎక్కే వేగంలో పూర్తి పవర్‌తో ఎక్కుతూ ఒక గుండ్రటి అంకె దగ్గర థ్రాటిల్ మూసేయండి. నాలుగు సెకన్లు ఏమీ చేయకండి. నిజంగా ఆగినప్పుడు నమ్మడానికే అంత సమయం పోతుంది. తర్వాత ముక్కు దించి గ్లయిడ్ వేగం పట్టి (172ఎస్ పూర్తి బరువుతో 68 నాట్లు) 45 బ్యాంక్‌తో తిరగండి. 180 తిరిగితే రన్‌వే పక్కన సమాంతరంగా ఉంటారు తప్ప దాని మీద ఉండరు. రన్‌వే వైపు ఇంకా తిరగాలి, మళ్లీ ఎదురు తిరిగి సరిచేయాలి. మొత్తం 270 దాకా అనుకోండి. పోయిన ఎత్తు చూసి దానికి సగం కలపండి. అదీ మీ అంకె. ఐడిల్‌లో ఉన్న ఇంజిన్ ఎంతో కొంత సాయం చేస్తూనే ఉంటుంది, చచ్చిన ఇంజిన్ చేయదు, ఆ సగం కలపమన్నది అందుకే.

లెక్క ఎందుకు 45కి మొగ్గుతుందో చూడండి. 65 నాట్ల దగ్గర 30 బ్యాంక్‌తో మలుపు వ్యాసార్ధం సుమారు 650 అడుగులు, సెకనుకి పది డిగ్రీల లోపే తిరుగుతుంది. 45తో వ్యాసార్ధం 375, సెకనుకి 17 డిగ్రీలు. అంటే 30తో తిరిగినవాడు రన్‌వేకి 1300 అడుగులు పక్కన తేలతాడు.

చాలామందికి ఈ కొలత చేశాక తేలే విషయం, సర్క్యూట్ ఎత్తు దగ్గరపడేదాకా వెనక్కి తిరిగే మాటే లేదని. అంతకన్నా కిందుంటే ముక్కుకి అటో 30, ఇటో 30 డిగ్రీల లోపల కనిపించే మంచి చోటు. రన్‌వే మీద నిలబడి పూర్తి పవర్ ఇచ్చేముందు ఆ ఎత్తుని ఏరోడ్రోమ్ ఎత్తుతో కలిపి, ఆల్టిమీటర్ మీద కనపడే అంకెగా పైకి చదవాలి.

మాగ్నెటో_మామ
పైకి చదవాలి అన్నది రెండుసార్లు రాయండి. మనసులో అనుకున్నది ఆ నాలుగు సెకన్లలో గుర్తుకు రాదు.

గాలిపటం77
అందరూ మీటింగ్ గురించే రాస్తున్నారు. జనం వచ్చేది పోటీకి అని ఏటవాలు మొదట్లోనే చెప్పారు. మరి పాఠాన్ని పోటీ నియమాల్లోనే పెట్టొచ్చుగా?

స్పాట్ ల్యాండింగ్ మామూలుగా ఎలా పెడతారు? గీతకి ఎవరు దగ్గరగా దిగితే వాళ్లే గెలిచినట్టు. అందుకోసం జనం నెమ్మదిగా, వేలాడుతూ వస్తారు. లేదా గీత దాటిపోతుంటే యోక్ (చేతి స్టీరింగ్) ముందుకి తోసి ముక్కు చక్రం మీద గుద్దేస్తారు. తర్వాత ఎగిరెగిరి పడటం, ప్రొపెల్లర్ నేలకి తగలడం, ఫైర్‌వాల్ (ఇంజిన్ వెనక గోడ) వంగడం. పోటీయే చెడ్డ అలవాటుకి బహుమతి ఇస్తున్నట్టు.

నియమాలు ఇలా మార్చండి. గీత కాదు, 200 అడుగుల పెట్టె గీయండి. పెట్టెకి ముందు తాకితే సున్నా. మెయిన్ చక్రాలు నిలిచిన చోటే లెక్క, ఎగిరిపడితే చివరిసారి తాకిన చోటు. ముక్కు చక్రం ముందు తాకితే ఆ ప్రయత్నం రద్దు. ఫైనల్లో వేగం 1.3 వీఎస్0 (ఫ్లాపులన్నీ దించినప్పటి స్టాల్ వేగానికి 1.3 రెట్లు) కన్నా తగ్గితే రద్దు, అది చూడటానికి పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి. ఇక ముఖ్యమైనది: గో-అరౌండ్ చేసినవాడికి మార్కులు పోవు, ప్రయత్నం తిరిగి ఇవ్వాలి. నేనైతే ఇంకా ఐదు మార్కులు ఎక్కువే వేస్తా.

న్యాయనిర్ణేతలు పెట్టె పక్కన నిలబడొద్దు. గాలి అటు తోస్తే విమానం వచ్చేది వాళ్ల మీదికే. దూరంగా, చేతి రేడియోతో, కెమెరాతో.

తోకచక్రం
ఐదు మార్కులు ఎక్కువేస్తే ప్రతివాడూ ఊరికే గో-అరౌండ్ చేసి మార్కులు పోగేస్తాడు. మనవాళ్ల సంగతి తెలీదా మీకు?

గాలిపటం77
చేయనివ్వండి. గో-అరౌండ్ అభ్యాసం అయిందిగా!

కొత్తరెక్కలు
విమానం నుంచి కింద గుర్తు మీదికి పిండి సంచులు వేసే పోటీ కూడా ఉంటుందట కదా, అది పెట్టొచ్చా?

రడ్డర్_రాజు
నా ఓటు వద్దనే. తక్కువ ఎత్తు, తక్కువ వేగం, కళ్లు బయట గుర్తు మీద, పక్కకి వంగి చూడటం. పైన బేస్-ఫైనల్ గురించి రాసినవన్నీ ఇక్కడ ఒకేచోట దొరుకుతాయి.

గాలిపటం77
నియమాలుంటే పెట్టొచ్చంటాను. ముందు మీ దేశపు నియమాల్లో విమానం నుంచి వస్తువులు వేయడం గురించి ఏముందో చూడండి. తర్వాత ఇద్దరు మనుషులు తప్పనిసరి: నడిపేవాడు నడపడమే, వేసేవాడు వేయడమే. కనీస ఎత్తు, వేగం ముందే రాసి ఇవ్వాలి, కింద ఒకరు చూస్తూ ఎత్తు తగ్గితే రేడియోలో పేరు పెట్టి పిలిచి పోటీ నుంచి తీసేయాలి. గుర్తు దాటాక నిటారుగా ఎక్కి వెనక్కి తిరిగి చూడటం నిషేధం. సంచి పల్చటి కాగితంతో చేసింది, తాకగానే పగిలేది. కిటికీ తెరిచాక ఊరికే వదిలేయకుండా కిందికి విసరాలి, లేకపోతే తోకకి తగలొచ్చు.

క్రాస్‌విండ్_కాంతం
ఇన్ని నియమాలు రాయాల్సొచ్చిందంటేనే రాజుగారు గెలిచినట్టు. దాని బదులు నేల మీద పోటీ పెట్టండి: బరువు, సమతూకం లెక్క. నలుగురు మనుషులు, వాళ్ల సంచులు, గడియారం పెట్టి.

172ఎస్ గరిష్ఠ బరువు 2550 పౌండ్లు. ఖాళీ బరువు ఒక్కో విమానానికి ఒక్కోలా ఉంటుంది, లెక్క కోసం 1690 అనుకుందాం. మిగిలేది 860. వాడుకోదగ్గ ఇంధనం 53 గ్యాలన్లు, గ్యాలన్ ఆరు పౌండ్ల చొప్పున 318. ఇక మిగిలింది 542. 170 పౌండ్ల మనుషులు నలుగురైతే 680. నాలుగు సీట్లున్నాయి కదా అని నలుగురూ ఎక్కి, ట్యాంకులూ నింపుకుంటే 138 పౌండ్లు ఎక్కువ. ఇంట్లోవాళ్లని ఎక్కించుకునే సభ్యులు మీటింగ్‌కి రారన్నారుగా, ఈ ఒక్క లెక్క వాళ్ల ఫోనుకి పంపండి.

సంపు_కప్పు
దానికి ఎండ కూడా కలపండి. పీడన ఎత్తు (ఆల్టిమీటర్‌ని ప్రామాణిక పీడనానికి పెడితే చూపే ఎత్తు) 3000 అడుగులు, ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. ఆ ఎత్తులో ప్రామాణికం 9 డిగ్రీలు (సముద్రమట్టంలో 15, వెయ్యి అడుగులకి రెండు తగ్గుతుంది). తేడా 26. డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3120. విమానం దృష్టిలో మీరు 6100 అడుగుల ఎత్తులో ఉన్న రన్‌వే మీదున్నట్టు. ఎయిర్‌స్పీడ్ సూది మాత్రం ఎప్పటిలాగే కనపడుతుంది, నేల మీద పరుగు పెరుగుతుంది, ఎక్కడం తగ్గుతుంది.

నీలిగీత
ఎవరూ చెప్పనిది ఒకటి: రెండు 172ఎస్‌లు, ఒక చెరోకీ అన్నారు. మీ క్లబ్బుకి పెద్ద ముప్పు ఆ మధ్యలోనే ఉంది.

172ఎస్ ఇంజెక్షన్ ఇంజిన్, కార్బ్ హీట్ మీటే ఉండదు. ఇంధనం సెలెక్టర్ "బోత్"లో పెట్టి మర్చిపోవచ్చు. అలా అలవాటైనవాడు చెరోకీ ఎక్కితే రెండు కొత్త పనులు నెత్తిన పడతాయి, రెండిటికీ చేతికి అలవాటు లేదు.

చెరోకీలో "బోత్" లేదు, ఎడమో కుడో. అరగంటకోసారి మార్చాలి. మార్చేముందు ఎలక్ట్రిక్ పంపు ఆన్, మార్చాక ప్రెషర్ చూసి ఆఫ్. టేకాఫ్‌కి సరిగ్గా ముందు మార్చకండి. కొత్త ట్యాంకు నుంచి ఇంధనం రాకపోతే అది తెలిసేది గాల్లోకి లేచాకే. మార్చాలంటే రన్-అప్‌కి ముందే మార్చి, రన్-అప్ అంతా దాని మీదే చెయ్యాలి. ఇంజిన్ ఆగితే మొదట చెయ్యి వెళ్లాల్సింది సెలెక్టర్‌కి. ఒక ట్యాంకులో నిండా ఇంధనం పెట్టుకుని పొలంలో దిగినవాళ్లున్నారు.

ఇక కార్బ్ మంచు. చలికాలం సమస్య అనుకుంటారు, కాదు. వెంచురీలో (కార్బ్యురేటర్ లోపలి ఇరుకు గొట్టంలో) గాలి వ్యాకోచించి, ఇంధనం ఆవిరై, ఉష్ణోగ్రత 30 డిగ్రీలకి పైగా కూడా పడిపోగలదు. 21 డిగ్రీల లోపు, తేమ 80 శాతం పైన అయితే అవకాశం ఎక్కువ, ఇంకా వేడిగా ఉన్నా రావచ్చు. ఫిక్స్‌డ్ పిచ్ (బ్లేడు కోణం మారని) ప్రొపెల్లర్‌కి మొదటి గుర్తు ఆర్పీఎమ్ మెల్లగా తగ్గడం. థ్రాటిల్ జారిందేమో అనుకుని కొంచెం తోస్తారు. మళ్లీ తగ్గుతుంది, మళ్లీ తోస్తారు.

హీట్ లాగితే పూర్తిగా లాగాలి. లాగగానే ఆర్పీఎమ్ ఇంకా పడుతుంది, మంచు ఉంటే అది కరిగి నీళ్లు సిలిండర్లలోకి పోతుంటే ఇంజిన్ దడదడలాడుతుంది. సరిగ్గా అక్కడే జనం భయపడి మీట వెనక్కి తోసేస్తారు. తోయకండి. ఓర్చుకుంటే ఆర్పీఎమ్ పైకి వస్తుంది, అది మంచు పోయిందన్న గుర్తు.

మాగ్నెటో_మామ
నీలిగీత రాసింది మొత్తం ప్రింట్ తీసి చెరోకీ తాళంచెవికి కట్టండి.

కొత్తరెక్కలు
మేఘాల్లోకి పొరపాటున వెళ్తే 178 సెకన్లే బతుకుతారని చదివాను. నిజమేనా? ఇది మీటింగ్‌లో చెప్పాలా?

పాత_లాగ్‌బుక్
@కొత్తరెక్కలు అది 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగం. ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ లేని 20 మందిని బొనాంజా అనే చిన్న విమానంలో, బయట కనపడకుండా చేసి నడపమన్నారు. ఇరవై మందీ అదుపు తప్పారు, సగటు 178 సెకన్లు. అది చావుకి పట్టిన సమయం కాదు, విమానం చెయ్యి దాటిపోవడానికి పట్టిన సమయం. అసలు ఆ ప్రయోగం చేసింది భయపెట్టడానికి కాదు, అలాంటివాళ్లకి 180 తిరిగి బయటపడటం నేర్పొచ్చా అని చూడటానికి. నేర్పాక దాదాపు అందరూ బయటపడ్డారు. జనం ఆ రెండో సగం వదిలేసి మొదటి సగమే చెప్పుకుంటారు.

మీటింగ్‌లో అంకె చెప్పి వదిలేయకుండా, హుడ్ (బయట కనపడకుండా చేసే ముసుగు) పెట్టి చేయించండి. ముందు చేతులు వదులు చేసుకుని రెక్కలు సమంగా ఉన్నాయో చూడాలి. తర్వాత స్టాండర్డ్ రేట్ మలుపు, సెకనుకి మూడు డిగ్రీలు, నిమిషంలో 180. ఆ నిమిషం అటు రేడియో ముట్టొద్దు, ఇటు మ్యాప్ చూడొద్దు.

తోకచక్రం
ఏటవాలూ, ఒకటి అడగాలి. మీ క్లబ్బులో బిల్లు హాబ్స్ మీదా, టాక్ మీదా?

ఏటవాలు
హాబ్స్. ఎందుకు?

తోకచక్రం
నేను అనుకున్నదే. హాబ్స్ ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ గడియారంలా తిరుగుతుంది. ఆయిల్ వేడెక్కేదాకా ఆగినా, రన్-అప్ రెండోసారి చేసినా, రన్‌వే చివర్న ఆగి పైకి చదివినా డబ్బే. టాక్ మీటర్ క్రూయిజ్ ఆర్పీఎమ్ దగ్గరే పూర్తి వేగంతో లెక్కిస్తుంది, ఐడిల్‌లో నత్తనడక. పైన మామ చెప్పిన ఒక నిమిషం లీన్, పాత లాగ్‌బుక్ గారి బ్రీఫింగ్, ఇవన్నీ మీ బిల్లు పద్ధతే వద్దంటోంది. కమిటీకి హాజరు పట్టిక కన్నా ఇది ముందు పెట్టండి. టాక్‌కి మారితే గంట రేటు కొంచెం పెంచాల్సొస్తుంది, మొత్తం ఆదాయం అంతే ఉంటుంది.

గాలిపటం77
ఇది నాకెప్పుడూ తట్టలేదు. 👏

క్రాస్‌విండ్_కాంతం
అదే వరసలో: లోపాల పుస్తకం. "రేడియో బాలేదు" అని రాస్తే మెకానిక్ ఏం చేస్తాడు? నేల మీద పెట్టి చూస్తాడు, బాగానే ఉంటుంది, "పరీక్షించాం, లోపం లేదు" అని కొట్టేస్తాడు. రాయాల్సింది: ఏ రేడియో, ఏ ఫ్రీక్వెన్సీ, వినపడట్లేదా పంపట్లేదా, ఎత్తు ఎంత, ఆల్టర్నేటర్ లోడ్ ఎంత, ఎంతసేపటికి మొదలైంది. ఒక మీటింగ్‌లో పాత పుస్తకం తెచ్చి, పేర్లు కప్పేసి, పది ఎంట్రీలు మళ్లీ రాయించండి.

రాసినవాణ్ని "నువ్వే పాడుచేశావా" అని అడిగే క్లబ్బులో ఇంకెవరూ రాయరు. గట్టిగా దిగిన ల్యాండింగ్ ఎవరూ చెప్పకపోతే, తర్వాతివాడు వంగిన నోస్ గేర్‌తో ఎగురుతాడు. అమెరికాలో నాసా నడిపే ఏఎస్ఆర్ఎస్ (విమాన భద్రత రిపోర్టుల వ్యవస్థ) 1976 నుంచి పేర్లు తీసేసే రిపోర్టులు తీసుకుంటోంది, అక్కడ జనం రాయడానికి కారణమే అది.

నీలిగీత
చలికాలం మీటింగ్‌కి కార్బన్ మోనాక్సైడ్. క్యాబిన్ హీటర్ గాలి మఫ్లర్ చుట్టూ తిరిగి వస్తుంది, మఫ్లర్‌కి పగులుంటే పొగ నేరుగా లోపలికే. దానికి వాసన ఉండదు. తలనొప్పి, బద్ధకం వస్తే హీటర్ మూసి, బయటి గాలి తెరిచి, దగ్గరలో దిగాలి. రంగు మారే కార్డుల మీద తెరిచిన తేదీ రాయాలి, గడువు దాటితే అది అలంకారం. వీలైతే శబ్దం చేసే ఎలక్ట్రానిక్‌ది పెట్టండి.

ఏటవాలు
సరే, ఇదిగో నా ఆలోచన. మొదటిది జాడీలు. రెండోది కౌలింగ్ విప్పి మామ చెప్పిన తీగ. మూడోది సీట్లో గో-అరౌండ్, అదే రోజు కొత్త నియమాలతో స్పాట్ ల్యాండింగ్. పిండి సంచులు లేవు. చెరోకీ వాడేవాళ్లకి విడిగా ఒక పూట. హాబ్స్ సంగతి కమిటీలో పెడతా.

మరి అసలు రానివాళ్లనేం చెయ్యాలి? అది ఇంకా తేలలేదు.

పాత_లాగ్‌బుక్
వాళ్లని మీటింగ్ దగ్గర కాదు, బుకింగ్ దగ్గర పట్టుకోండి. ప్రయాణికుల్ని ఎక్కించుకోవాలంటే 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు అన్న నియమం చాలా దేశాల్లో ఉంది. అది చట్టం అడిగే కనీసం. క్లబ్బు దాన్ని 60 రోజులు చేసుకోవచ్చు, అదీ ఏ రకం విమానానికి ఆ రకంగా. దాటితే ఇన్‌స్ట్రక్టర్‌తో గంట. ఆ గంటలో మలుపు, గో-అరౌండ్, ఎత్తు కొలత, మూడూ అయిపోతాయి. శిక్షగా కాకుండా క్లబ్బు ఇన్‌స్ట్రక్టర్ ఖర్చు భరిస్తే వాళ్లే అడిగి వస్తారు.

రడ్డర్_రాజు
60 కాదు 45 అంటాను.

తోకచక్రం
మొదలైంది మళ్లీ.

సంపు_కప్పు
ఏటవాలు, జాడీల మీద లేబుళ్లు అడుగున అంటించండి, పక్కన అంటిస్తే ముందు వరసవాళ్లు చదివేస్తారు. అయిపోయాక మూడు ఇంధనం జాడీలూ వ్యర్థాల డబ్బాలోకే వెళ్లాలి, మంచిదని అనిపించిన మొదటిదైనా సరే ట్యాంకులో తిరిగి పోయొద్దు. అప్పటికి ఎవరి వేలు ఏ జాడీలో మునిగిందో తెలీదు.